ఎత్తని చెయ్యి, వంగని నడుము

గోదావరిఖనిలో మేమున్న కంపెనీ క్వార్టరు ఒక గది, ఒక వంటిల్లు, వెనక చిన్న జాగా. గోడ అవతల ఎవరైనా దగ్గితే మాకు వినిపించేది. అందుకే మా బాపు నడుము నొప్పి సంగతి మా వరుసలో అందరికీ తెలుసు. మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చి, నులక మంచం మీద కూలబడగానే ఆయన నోటినుంచి ఒక పెద్ద మూలుగు వచ్చేది. పక్కింటి ఖాలా అది విని సాయంత్రం చాయ్‌కి పొయ్యి రాజేసుకునేది. వాళ్లింట్లో గడియారం ఉండేది కాదు.

బాపు బాయిలో, అంటే గనిలో, బొగ్గు నింపే పని చేసేవాడు. తట్టా చెమ్మస్ పని అంటారు. పేల్చిన బొగ్గును చెమ్మస్‌తో, అంటే వెడల్పాటి పారతో, తట్టలోకి ఎత్తాలి. ఆ తట్టను మోసుకెళ్లి పట్టాల మీది టబ్బులో పొయ్యాలి. షిఫ్టంతా వంగడం, లేవడం, వంగడం. తలమీది లైటుకు కరెంటిచ్చే బ్యాటరీ నడుముకు వేలాడుతుండేది. నొప్పి ఉన్నచోటే అది కూడా ఒరుసుకునేది. అక్కడ చర్మం నల్లగా, మందంగా, చెప్పు అడుగులా అయిపోయింది.

ఎనభైల మొదట్లో, నాకు పదేళ్లప్పుడు, ఆయన బోర్లా పడుకుని నన్ను వీపు మీదికి ఎక్కమనేవాడు.

"తొక్కు బిడ్డా. ఇంకింత కిందికి. ఆ, గాడనే."

నేను గోడ పట్టుకుని తొక్కేదాన్ని. వెన్నుకు అటూ ఇటూ రెండు గట్టి కట్టెలున్నట్టు పాదాలకు తగిలేది. కాసేపటికి ఆయన నిద్రపోయేవాడు. నేను దిగాలో ఉండాలో తెలియక అలాగే నిలబడి ఎదురుగా గోడకున్న సున్నం పెచ్చులు చూస్తుండేదాన్ని.

బాపు నొప్పికి చుట్టాలు చాలామంది. ఆయన జోడీగా పనిచేసే మనిషిని నేను కాక అని పిలిచేదాన్ని. ఆయన వారంలో రెండు మూడుసార్లు వచ్చి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఒక్కోసారి ఖాలా భర్త కూడా వచ్చేవాడు. ఆయన బాయిలో ఫిట్టరు. ముగ్గురూ కలిస్తే మాటలన్నీ నడుముల మీద, మెడల మీద, మోకాళ్ల మీదనే.

"నాకు కూసుంటె లేవరాదు," అనేవాడు కాక.

"నాకు లేస్తె కూసోరాదు," అనేవాడు బాపు.

"నాకు రెండు గూడ రావు భాయ్. అందుకే షిఫ్టంత సగం వంగే ఉంట," అనేవాడు ఫిట్టరు.

ముగ్గురూ నవ్వేవాళ్లు. నవ్వితే బాపుకు నడుములో పట్టేసేది, అందుకు మళ్లీ నవ్వేవాళ్లు. జీతాల నాడు సారా కూడా వచ్చేది. వేడి ఉప్పు మూట కాపడం, జిల్లేడాకు పట్టు, మంచిర్యాల దగ్గర నరాలు సరిచేసే ఒక ముసలాయన, దవాఖానలో ఇచ్చే సూది, ఏది ఎవరికి ఎన్నిరోజులు పనిచేసిందో చెప్పుకునేవాళ్లు. వాళ్లు లేచి వెళ్లేసరికి బాపు ముఖం కొంచెం తేటగా ఉండేది. ఆ మాటలన్నీ జరిగేటప్పుడు అమ్మ వంటింట్లోనుంచి చాయ్ గ్లాసులు అందించి వెళ్లిపోయేది. తర్వాత తర్వాత ఎడమచేత్తో అందించేది. అది నేను చూశాను. ఎందుకని అడగలేదు.

అమ్మ పనులు కూడా చెప్పాలి కదా. వారానికి మూడు సార్లు బాయి బట్టలు ఉతికేది. బొగ్గు మసి సబ్బుతో పోదు. వేడినీళ్లలో నానబెట్టి, వెనక జాగాలో బండమీద బాది బాది వదిలించాలి. వీధి నల్ల దగ్గరినుంచి నీళ్ల బిందెలు, పొయ్యిలోకి బొగ్గు, రుబ్బురోలు. ఇవన్నీ అందరి ఇళ్లల్లో ఉన్నవే. అందుకని ఎవరూ వాటిని పనులుగా చెప్పుకునేవాళ్లు కాదు. నల్ల దగ్గర ఆడవాళ్లు ఎప్పుడైనా "రెక్కలు గుంజుతున్నయ్" అనేవాళ్లు. దానికి ఎవరూ జవాబు చెప్పేవాళ్లు కాదు. వెంటనే "మీ కాడ బియ్యం ఒడిసినయా" అని ఇంకో మాట మొదలయ్యేది.

నేను ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడు ఒకరోజు బడికి పోయేముందు ఎప్పటిలాగే దువ్వెన, నూనె సీసా పట్టుకుని అమ్మ ముందు కూర్చున్నాను. అమ్మ దువ్వెన తీసుకుంది. ఒకసారి దువ్వింది. ఆగింది. దువ్వెన నా ఒళ్లో పడేసి, "పెద్దదానివైనవ్. నీ జెడ నువ్వే ఏసుకో," అని లేచిపోయింది.

ముందురోజు చారు గిన్నె ఒలకబోసినందుకు కోపమొచ్చిందనుకున్నాను. మరుసటి రోజూ వెయ్యలేదు. ఆ తర్వాత నేను అడగడం మానేశాను. వంకర పాపిటతో బడికి వెళ్లేదాన్ని. దానికి ఏడవలేదు. కానీ చాలా రోజులు అమ్మతో అవసరమైన మాటలే మాట్లాడాను. ఆమె కూడా అంతే మాట్లాడింది.

ఆ ఏడాదే ఇంట్లో సామాన్లు ఒక్కొక్కటే కిందికి దిగడం మొదలైంది. సజ్జమీది ఉప్పు జాడీ, పప్పు డబ్బాలు నేలమీద గోడవారకు వచ్చాయి. వెనక జాగాలో బట్టలారేసే తీగను అమ్మ విప్పి జానెడు కిందికి కట్టింది. తడి లుంగీ అంచులు మట్టికి తగులుతున్నాయని బాపు అరిచాడు. "తీగ సాగింది," అంది అమ్మ. చివరికి తాగే నీళ్ల బిందె కూడా వంటింటి గట్టు మీదినుంచి నేలకు దిగింది.

బిందె దగ్గరే చిక్కు వచ్చింది. గట్టు మీద ఉంటే బిందె మూతి భుజం ఎత్తుకు వచ్చేది. నేలమీద ఉంటే నీళ్లు ముంచుకోవడానికి నడుము వంచాలి. బాపు డ్యూటీనుంచి రాగానే "గా బిందె మీద వెట్టు బిడ్డా," అనేవాడు. నేను ఎత్తి గట్టు మీద పెట్టేదాన్ని. ఆయన అటు పడుకోగానే అమ్మ "బిందె కింద వెట్టు," అనేది. దించేదాన్ని. ఒకరి మాట ఇంకొకరికి వినిపించేది. ఇద్దరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు. వాళ్లిద్దరికీ ఏదో పట్టింపు వచ్చిందని, పోట్లాడుకోకుండా నాచేత పోట్లాడిస్తున్నారని అనుకున్నాను. దాదాపు ఏడాది పాటు రోజుకు రెండుసార్లు ఆ బిందె ఎత్తాను, దించాను.

ఇంకొకటి కూడా జరిగింది. దవాఖానలో బాపుకు పదిరోజులకని ఇచ్చిన గోలీలు ఆరేడు రోజులకే అయిపోయేవి. "గోలీలు ఎట్ల ఒడిసినయే?" అని బాపు ఒకసారి అడిగాడు.

"ఏమో. నువ్వే మింగి మర్చిపోయినవ్," అంది అమ్మ.

ఆయన ఆ తర్వాతినుంచి దవాఖానకు వెళ్లినప్పుడల్లా "నొప్పి మస్తుగున్నది సార్, పదిహేను రోజులకు రాయిన్రి," అని గట్టిగా మూలిగి ఎక్కువ రాయించుకుని వచ్చేవాడు. నేను ఒకసారి వెంట ఉన్నాను. ఆయన నటిస్తున్నాడని నాకు అర్థమైంది. సిగ్గనిపించింది.

నేను పదో తరగతిలో ఉండగా బాపుకు నడుము బాగా పట్టేసి వారం రోజులు నాగా అయింది. అప్పుడు కాక వచ్చి ఒక దారి చెప్పాడు. దవాఖానకు బేస్తవారం నాడు ఎముకల డాక్టరు వస్తున్నాడట. ఆయన నడుము చూసి రాసిస్తే బాయిలోకి దిగకుండా పైన ఏదైనా తేలికపాటి పని ఇస్తారట.

"వంగుమంటడు. సగంల ఆగు. మొఖం ముడుసుకో. నడుము మీద చెయ్యేసుకో," అని కాక లేచి చేసి చూపించాడు. బాపు నవ్వాడు. "నాకు చేసి చూపెట్టుడెందుకురా, నిజంగనే ఉన్నది గద," అన్నాడు.

బేస్తవారం పొద్దున చదువుకున్నదాన్నని నన్ను రమ్మన్నాడు. అమ్మను కూడా రమ్మన్నాడు.

"నేనెందుకు? ఇంట్ల పనున్నది."

"రా అన్న గద."

"నీ నడుముకు నేనేం జేస్త?"

"రాయే. ఊకె కూసో."

డాక్టరు దగ్గర ఒంటరిగా ఉండటానికి భయపడుతున్నాడనుకున్నాను. ముగ్గురం నడిచి వెళ్లాం. దవాఖాన వరండాలో బెంచీల మీద ముప్పై నలభై మంది మగవాళ్లు. అందరూ బాయి పనివాళ్లే. కంటి రెప్పల అంచుల్లో కాటుకలా బొగ్గు మిగిలిన ముఖాలు. కొందరు బాపును పలకరించారు. గది తలుపు తెరిచే ఉంది. లోపల జరిగేది బయటివాళ్లకు కనిపిస్తోంది.

డాక్టరు కోస్తా మనిషి. వయసు ఎక్కువ లేదు. మర్యాదగా మాట్లాడాడు. ఎన్నాళ్లనుంచి నొప్పి, ఎక్కడ, కాలిలోకి దిగుతుందా అని అడిగి, "కాస్త నిలబడి ముందుకు వంగండి. ఎంతవరకు వంగగలరో అంతే," అన్నాడు.

బాపు లేచాడు. ఒకసారి తలుపువైపు చూశాడు. వంగాడు. మోకాళ్ల దగ్గర ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. వేళ్లు నేలకు తగిలేదాకా వంగాడు. పల్చటి చొక్కా కింద నాకు తెలిసిన ఆ రెండు కట్టెలు లేచి నిలబడ్డాయి. చెవుల వెనక నరాలు ఉబ్బాయి. మూలుగు లేదు. మళ్లీ నిటారుగా లేచి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"నొప్పి ఉందా?"

"ఉంటది సార్ కొద్దిగ. పనిజేసేటోనికి ఉండదా?"

డాక్టరు చీటీ మీద రాయడం మొదలుపెట్టాడు. పైన పని మాట ఎవరూ ఎత్తలేదు. నేను అమ్మ ముఖం చూశాను. ఆమె నేలకేసి చూస్తూ ఉంది.

అప్పుడు బాపు, "సార్, మా ఇంటామెకు గూడ జర సూడున్రి," అన్నాడు.

అమ్మ తలెత్తింది. "నాకేం లేదు," అంది.

"కుడిచెయ్యి లేస్తలేదు సార్. రెండేండ్ల సంది."

"ఏదమ్మా, చెయ్యి పైకెత్తండి," అన్నాడు డాక్టరు.

అమ్మ చెయ్యెత్తింది. తలమీదిదాకా, నిటారుగా. గాజులు మోచేతిదాకా జారాయి. అది ఎడమ చెయ్యి.

"ఆ చెయ్యి కాదు సార్," అన్నాడు బాపు. "రెండోది."

అమ్మ బాపు వైపు చూసింది. అలాంటి చూపు నేను అంతకుముందు చూడలేదు, తర్వాత కూడా చూడలేదు. డాక్టరు లేచి ఆమె కుడిచేతిని మోచేతి దగ్గర పట్టుకుని మెల్లగా ఎత్తాడు. రొమ్ము ఎత్తుకు రాగానే ఆమె ఒళ్లంతా ఆ పక్కకు ఒరిగింది. పళ్లు బిగించింది. చప్పుడు చెయ్యలేదు.

"ఇంతకాలం ఎందుకు చూపించుకోలేదమ్మా? కీలు గట్టిపడిపోయింది."

"పని ఆగలే గద సార్," అంది అమ్మ. ఆ తర్వాత, తన సంగతి చెప్పినందుకు బదులు తీర్చుకున్నట్టు, "ఆయన నడుము గూడ వంగది సార్. ఇంట్ల సబ్బు కింద పడితె తియ్యడు. ఇప్పుడెట్ల వంగిండో ఆయన్నే అడుగున్రి," అంది.

డాక్టరు బాపును చూశాడు. బాపు నవ్వి, "ఆడోళ్లు గట్లనే అంటరు సార్," అన్నాడు. డాక్టరు ఇంకొకసారి వంగమనలేదు. బయట నలభై మంది ఉన్నారు. అమ్మకు గోడకెదురుగా నిలబడి వేళ్లతో గోడ పాకుతూ చెయ్యిని రోజూ కొంచెం కొంచెం పైకి తీసుకెళ్లమని చేసి చూపించాడు. ఇద్దరికీ ఒకే రకం గోలీలు రాశాడు.

ఇంటికి వచ్చే దారిలో అమ్మ ముందు నడిచింది. కొంతదూరం వెళ్లాక ఆగి వెనక్కి తిరిగి, "ఎందుకు వంగినవ్?" అంది.

"వంగుమన్నడు. వంగిన."

"సగంల ఆగుమని చెప్పిన్రు గద."

"గంతమంది సూడవట్టిరి."

కాసేపు ఇద్దరూ నడిచారు. అమ్మే మళ్లీ అడిగింది. "నా చెయ్యి సంగతి నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పాలె? కండ్లు లేవా?"

"మరి బిందె మీదికెందుకు పెట్టిచ్చినవ్ రోజు?"

"నాకు వంగరాదు గదనే," అన్నాడు.

అంతే. నేను వాళ్ల వెనక చీటీలు పట్టుకుని నడిచాను. ఆయనకు తెలుసు. గోలీలు ఎవరు మింగుతున్నారో తెలుసు, సామాన్లు ఎందుకు దిగుతున్నాయో తెలుసు. ఆమెకు ఆయన నడుము సంగతి ఎలాగూ తెలుసు. తెలిసి కూడా ఆయన పైన పెట్టమన్నాడు, ఆమె కింద పెట్టమంది. నేను మధ్యలో ఎత్తుతూ దించుతూ ఉన్నాను. జడ సంగతి కూడా అప్పుడే అర్థమైంది. అర్థమైతే ఏదో అనిపించాలి కదా అని దారంతా చూసుకున్నాను. ఏమీ అనిపించలేదు. ఎండగా ఉంది, చెప్పు తెగేలా ఉంది, అదే గుర్తుంది.

బాపు ఆ సాయంత్రమే మంచమెక్కాడు. డాక్టరు ముందు వంగిన వంగుడుకు నాలుగు రోజులు లేవలేకపోయాడు. కాక వచ్చి సంగతి విని తిట్టిపోశాడు. ఐదోరోజు బాపు ఎక్కడినుంచో సిమెంటు ఇటుకలు తెచ్చి, వంటింట్లో మూలకు రెండు వరుసలు పేర్చి, దానిమీద బిందె పెట్టించాడు. గట్టుకూ నేలకూ మధ్య ఎత్తు. ఇద్దరికీ కొంచెం కొంచెం కష్టంగానే ఉండేది. మార్చమని మాత్రం మళ్లీ ఎవరూ అడగలేదు.

అమ్మ పదిరోజులు గోడ పాకింది. వంటింటి సున్నం గోడమీద మసివేళ్ల గుర్తులు చీమల బారులా పైకి వెళ్లి, ఒక ఎత్తులో ఆగిపోయాయి. తర్వాత మానేసింది. "గోడముందట నిలవడితె బియ్యం ఎవలు కడుగుతరు," అంది. ఇంకో ఏడాదికి ఆ చెయ్యి దానంతట అదే వదిలింది. ఏ రోజు వదిలిందో ఎవరమూ చూడలేదు. ఒకసారి బయటినుంచి వచ్చేసరికి బట్టల తీగ పాత ఎత్తుకు కట్టి ఉంది.

బాపు ఇంకో నాలుగైదేళ్లు బాయి దిగాడు. తొంభైల మొదట్లో ఆయన బాయిలోకి బొగ్గెత్తే మిషన్లు వచ్చాయి. తట్టా చెమ్మస్ పనివాళ్లను అటూ ఇటూ సర్దారు. బాపును పైన ల్యాంప్ రూంలో వేశారు. షిఫ్టుకు దిగేవాళ్లకు కిటికీలోంచి లైట్లు ఇవ్వడం, ఎక్కి వచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం. అప్పుడు అడగలేకపోయిన పైన పని ఇప్పుడు అడగకుండా వచ్చింది. అయితే అది ఎనిమిది గంటలూ నిలబడే పని. నిలబడితే ఆయన నడుము ఇంకా అధ్వాన్నమైంది. కానీ మూలగడం మానేశాడు. కాక ఇంకో బాయికి మారిపోయాడు. సాయంత్రాల కూర్చోవడాలు తగ్గాయి.

నేను అప్పటికే పెళ్లై శ్రీరాంపూర్ కాలనీకి వెళ్లిపోయాను. ఒకసారి వచ్చినప్పుడు, "బాపుకు నొప్పి తగ్గిందా?" అని అమ్మను అడిగాను.

"యాడ తగ్గె? పొద్దుగాల మంచం మీంచి లేవనీకె గోడ పట్టుకుంటడు."

"మరి అంటలేడు?"

"నేన్ గూడ అడిగిన. పైన డ్యూటీ జేసేటోడు నొప్పంటె నవ్వుతరట."

పక్కింటి ఖాలా కూడా అదే మాట వేరే రకంగా అంది. "మీ బాపు చప్పుడు లేదు బేటీ. నాకు చాయ్ టైం తెలుస్తలేదు."

అమ్మ ఎడమ చెయ్యి పట్టేసింది ఆ రోజుల్లోనే. కుడిది ఎలా పట్టేసిందో అలాగే. ఈసారి ఆమె దాచలేదు. నేను వచ్చిన మొదటిరోజే, "ఇగో, ఇది గూడ పోయింది," అని చెయ్యి సగం ఎత్తి చూపించింది. ఎందుకు మారిందో నాకు తెలియదు. దాచి లాభం లేదనుకుందేమో. మేము ముగ్గురం దవాఖాననుంచి నడిచి వచ్చిన రోజు గురించి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు.

నేను శ్రీరాంపూర్‌కు తిరిగి వెళ్లేరోజు పొద్దున బ్యాగు పట్టుకుని బస్సుకోసం బయల్దేరాను. నల్ల దగ్గర అమ్మ, ఖాలా, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు బిందెలు వరుసలో పెట్టి నీళ్లకోసం చూస్తున్నారు. నీళ్లింకా రాలేదు. అమ్మ వాళ్లకు తన ఎడమచెయ్యి సంగతి చెబుతోంది.

"గింతే లేస్తది. ఇంకింత ఎత్తితె పానం పోతది," అంది.

"నాది గూడ అంతే ఉంది," అంది ఖాలా. "నమాజ్‌ల చేతులు భుజం దాంక లేపాలె. నాది గంత గూడ పోతలేదు. అల్లాకు తెలుసు, మాఫ్ చేస్తడు అనుకుంటున్న."

"ఏదీ, ఎత్తు," అంది అమ్మ.

ఖాలా ఎత్తింది. రెండు చేతులూ రొమ్ము దగ్గర ఆగాయి. అమ్మ డాక్టరులాగే ఆమె మోచెయ్యి పట్టుకుని ఇంకొంచెం లేపబోయింది. ఖాలా కెవ్వుమంది. మిగతావాళ్లు నవ్వారు.

"నవ్వకున్రి. మీరు గూడ ఎత్తున్రి, సూద్దాం," అంది అమ్మ.

ముగ్గురూ ఎత్తారు. ఒకామెకు కుడిది లేచింది, ఎడమది లేవలేదు. ఒకామెకు రెండూ చెవులదాకా వచ్చి వణికాయి. మూడో ఆమె ఒక్కతే నిటారుగా ఎత్తగలిగింది. కానీ దించేటప్పుడు "అయ్యో నా మెడ," అంది. ఐదుగురూ చేతులు తలో ఎత్తులో పెట్టుకుని ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. అమ్మ నవ్వుతూ నల్ల గద్దె మీద కూర్చుండిపోయింది. ఆమె అలా నవ్వడం ఎప్పుడు చూశానో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. గుర్తు రాలేదు.

ఖాలా నన్ను చూసింది. "బేటీ, నువ్వు గూడ ఎత్తు."

బ్యాగు కింద పెట్టి రెండు చేతులూ ఎత్తాను. చెవులకు ఆనేలా, తేలిగ్గా లేచాయి. ఐదుగురూ నా చేతులకేసి కాసేపు చూశారు.

"దీనికింక టైమున్నది," అంది అమ్మ.

నల్లలో ముందు గాలి చప్పుడు, తర్వాత నీళ్లు వచ్చాయి. అందరూ బిందెల దగ్గరికి వంగారు.